ప్లైవుడ్డులో సున్న

మన గ్రంథాలయపు గుమ్మముపై గత యుగాదికి ఎక్కించిన క్రొత్త నామఫలకమును చూచినవారిలో పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడిగిరి: "ఈ అక్షరములు ఎక్కడ కోయించితిరి? బెంగుళూరులోనా?" ఎక్కడను కోయించలేదు, మా యింటి వెనుక రేకుల కొట్టములో మేమే కోసితిమి అని చెప్పినప్పుడు నమ్మినవారు కొందరు, నవ్వినవారు కొందరు. ఈ సంచికకు ఏదేని వ్రాయుడని సంఘమువారు కోరగా ఆ సంగతియే వ్రాయుదమని తోచినది. పెద్దలు కావ్యములను గూర్చియు, రాయలకాలమును గూర్చియు వ్రాయుదురు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాపని చేసినవారము. ప్లైవుడ్డును అంచు చెడకుండ కోయుటకు ఎట్టి బిట్టు వలయునో, దానిని ఎట్లు నడపవలయునో ఈ రెండేండ్లలో చెక్క పాడుచేసికొని నేర్చుకొంటిమి. అది మాత్రము చెప్పగలము.

మొదట నవ్వు పుట్టించు ఒక సంగతి ఒప్పుకొనవలయును. మా ఉద్యోగము సిప్కాటులోని ఒక కర్మాగారపు సామగ్రి గిడ్డంగిలో. ఉక్కును తొలుచు డ్రిల్లులు, చెక్కు కట్టర్లు డబ్బాలతో వచ్చెడివి. మేము వాని సంఖ్యను, కొలతను, వెలను చిట్టాలో ఎక్కించి, అడిగినవారికి సంతకము పుచ్చుకొని ఇచ్చెడివారము. అరిగినవి తిరిగి వచ్చినపుడు "నిరుపయోగము" అని వ్రాసి పెట్టెలో వేసెడివారము. అవి ఎందుకు అరిగినవో, ఎట్లు అరిగినవో ఏనాడును అడుగలేదు. అడుగుట మా పని కాదనుకొంటిమి. 2018లో పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చునాటికి వేలకొలది పనిముట్ల పేర్లు నోటికి వచ్చును. ఒక్కదానిని పట్టుకొనుటయు చేతికి రాదు.

సంచిక దూరపు ఊళ్ళకు కూడ పోవును గనుక మా ఊరిని గూర్చి రెండు మాటలు. జూజువాడి హొసూరునకు ఉత్తరముగ, రాష్ట్రపు సరిహద్దుమీద నున్నది. హెద్దారి వెంట కొంచెము నడచినచో అత్తిబెలె, అది కర్ణాటకము. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మా తాలూకా మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. అటుపిమ్మట మా ఊరు ఒక్క అంగుళము కదలకయే 1965లో సేలము జిల్లానుండి ధర్మపురికిని, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరికిని మారినది. ఇప్పుడు హొసూరు నగరపాలికలో ఒక భాగము. దరఖాస్తులలో చిరునామా దిద్దుటకే మాబోటి గుమాస్తాలకు ఒక ఆయువు సరిపోయినది. ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో తమిళము – ఇది మాకు వింత కాదు.

పాత ఫలకము మా నాయనగారు వ్రాసినది. ఆయన సేద్యము చేసికొనువారు. సాయంకాలములందు అరుగుమీద పిల్లలను కూర్చుండబెట్టి తెలుగక్షరములు దిద్దించెడివారు. 1961లో ఊరివారు రెండు బీరువాల పుస్తకములు కూర్చి గ్రంథాలయము పెట్టినపుడు, ఒక మామిడి పలకపై "తెలుగు గ్రంథాలయము" అని కుంచెతో ఆయనయే వ్రాసిరి. ఆ అక్షరములు అచ్చులోవలె సమముగ నుండవు. "తె" కొంచెము ముందునకు వంగి నడచుచున్నట్లుండును. "గ్రం"లోని సున్న తక్కిన వానికి కొలతలేనంత పెద్దది. అరువదియేండ్లు ఎండకు, వానకు నిలిచిన ఆ పలక తుదకు చెదలకు లొంగినది. దానిని దింపి మా అరుగుపై పెట్టునప్పటికే "ము" అను అక్షరమున్న మూల పిండివలె రాలిపోయినది. మిగిలినదానిపై ఆ పూటయే బటరు కాగితము పఱచి, పెన్సిలుతో గీతలు ఎత్తుకొంటిమి. "ము"ను మాత్రము ఆయన పాత పద్దుల పుస్తకములోని అక్షరమును చూచి పెద్దదిగా గీచితిమి. వారము తిరుగకమునుపే పలక తునకలైనది. ఇక ఆ కాగితమే మిగిలినది.

కంప్యూటరుతో నడచు రూటరు యంత్రములు హొసూరులో ఇప్పుడు పలుచోట్ల కలవు. అట్టి ఒక కొట్టుకు పోయి పేరు వ్రాసియిచ్చితిమి. అచ్చటి కుఱ్ఱవాడు మర్యాదస్థుడు, వేరుభాషవాడు. తెరపై "గ్రం" అను అక్షరము "గ్" ఒకచోట, "ర" ఒకచోట, సున్న ఒకచోటగా విడివడి నిలిచినది. "స్క్రీనులో ఇట్లే వస్తా ఉంది సార్, ఇట్లే కట్ చేసేదా?" అని యడిగెను. వలదంటిమి. అక్షరములను వేరొకచోట గీతలుగా మార్చి తెచ్చినయెడల ఆ యంత్రము నిక్షేపముగ కోయునని తరువాత తెలిసినది. తెలిసినను పోలేదు. అచ్చు అక్షరము వచ్చునేకాని ముందునకు వంగిన ఆ "తె" రాదు గదా! మా వీథి చివర పనిచేయు వడ్రంగి ఆచారి సలహాపై, కాలంగుళపు కాడ గల బిట్లను పట్టు ఒక చిన్న రూటరును కొంటిమి. రూటరనగా మఱేమియు కాదు: నిమిషమునకు ఇరువది ముప్పదివేల చుట్లు తిరుగు మోటారు, దాని కొనకు ఒక బిట్టు, అడుగున నున్నని పీట. పీటను చెక్కపై ఆనించి నడపినచో బిట్టు గాడి కోయుచు పోవును.

ఇక ప్లైవుడ్డు సంగతి. అది ఒకే మాను కాదు. మానును యంత్రముపై తిప్పుచు, పెన్సిలు చెక్కినట్లు పలుచని పొరగా ఒలిచి, ఆ పొరలను జిగురుతో అంటించి వేడిమీద నొక్కినది. ఒక పొర పోగు నిలువుగా నున్నచో తరువాతి పొర పోగు అడ్డముగ నుంచుదురు. పొరల సంఖ్య బేసిగా నుండును. అందుచేత రెండు ముఖములును ఒకే దిక్కు పోగుతో నుండి, పలక వంగిపోకుండును. వళపట్టణమున 1945లో స్థాపింపబడిన వెస్టరన్ ఇండియా ప్లైవుడ్సు మన దక్షిణదేశమున ఈ పనికి పాత పేరు. పెరుంబావూరు, యమునానగరు పేర్లు అంగళ్ళలో ఇప్పుడు తఱచు వినబడును. ఇంటిలోపలి సామానులకు ఐ.ఎస్. 303 అను ముద్రగలది చాలును. వాన తగులు చోటికి ఐ.ఎస్. 710 ముద్రగలది కావలయును. మేము గుమ్మముపై పెట్టుటకు 710 ముద్రగల 12 మిల్లీమీటర్ల పలకను తెచ్చితిమి. పలకను కొనునపుడు ముఖము చూచి మురిసిపోరాదు, అంచు చూడవలయును. నడిమి పొరల మధ్య సందులున్నచో కోసినపుడు అక్షరపు ప్రక్కన ఎలుకబొక్కవలె కనబడును.

ఈ పొరల కూర్పే కోతకు చిక్కు తెచ్చునది. బిట్టు పోగు వెంట పోవునపుడు చెక్క నున్నగా తెగును. పోగునకు అడ్డముగ పోవునపుడు పైపొర తెగక చీలి, పీచులై లేచును. ఆ పైపొర కాగితమంత పలుచన. ఒకసారి పెచ్చులూడినచో చిత్రిక పట్టి సరిచేయుటకు అడుగున ఏమియు లేదు, వేరుదిక్కు పోగుగల పొర బయటపడును. పైగా పొరల నడుమనున్న జిగురు గట్టిపడి బిట్టు అంచును ఆకురాయివలె తినివేయును. మామూలు కొయ్యలో దినమంతయు నడచిన బిట్టు ప్లైవుడ్డులో గంటకే మొద్దుబారును.

ఇది మాకు మొదటి దినముననే అనుభవమైనది. అంగడిలో చవుకగా దొరకిన హైస్పీడు ఉక్కు బిట్టును, రెండు తిన్నని అంచులు గలదానిని తెచ్చి, పనికిరాని ముక్కపై "లు" కోసి చూచితిమి. సగము అక్షరము బాగుగనే వచ్చినది. పిదప పొగ, మాడిన వాసన, అంచు వెంబడి నల్లని చారిక. బిట్టు మొద్దుబారినదని తెలియక, చేతి బలము చాలలేదనుకొని ఇంకను అదిమితిమి. చెక్క మాడినచోట కోత గాక రాపిడి జరుగుచున్నదని అర్థము. మా చేతిమీదుగా ఎన్ని డబ్బాలు "నిరుపయోగము" పెట్టెలో పడినవో అప్పుడు జ్ఞాపకము వచ్చినది.

ఆచారి ఆ బిట్టును గోటిపై రాచి చూచి, "ఇది పచ్చికొయ్యకు సరిపోతుంది సార్. ప్లైకి విడియా తీసుకోండి" అనెను. విడియా! ఆ మాటను మేము చిట్టాలో ఎన్ని వందలసార్లు వ్రాసితిమో! కర్మాగారములలో టంగ్‌స్టన్ కార్బైడునకు అదే వాడుకపేరు. బెర్లినులో విద్యుద్దీపముల తీగలు లాగుటకు వజ్రమువంటి గట్టి వస్తువు కావలసి, ఓస్రాము సంస్థలో కార్ల్ ష్రోటరు అనునాయన 1923లో ఈ మిశ్రమమునకు హక్కుపత్రము పొందెను. క్రుప్పు సంస్థవారు 1926లో దానికి "విడియా" అని పేరు పెట్టిరి. జర్మను భాషలో "వజ్రమువలె" అను మాటలను కుదించినది. 1964లో ఆ పేరుతోనే బెంగుళూరులోను ఒక సంస్థ ఏర్పడినది. ఆ విధముగ జర్మను వజ్రము మన వడ్రంగుల నోట తెలుగుమాట అయినది. వెల ఉక్కు బిట్టునకు మూడు నాలుగింతలు. కాని మేము కొన్న ఒక్క విడియా బిట్టు ఎనిమిది అక్షరములను కోసి, ఇంకను పదునుతో నున్నది. దానికి అంటుకొన్న జిగురు మడ్డిని అప్పుడప్పుడు పాత పళ్ళకుంచెతో తుడిచి తీయవలయును. మడ్డి పట్టిన బిట్టు మొద్దుబారినట్లే ప్రవర్తించును. చాలమంది దానిని అకారణముగ పాఱవేయుదురు.

లోహము కుదిరినది, ఇక ఆకారము. ఇందే అసలు కిటుకు. తిన్నని అంచుల బిట్టు చెక్కను ప్రక్కనుండి కొట్టును. మెలికబిట్టు కత్తిరించును. ఆ మెలికలో మూడు జాతులు. అప్‌కట్టు అను దాని మెలిక డ్రిల్లునకువలె పొట్టును పైకి తోడును. గాడి శుభ్రముగ నుండును, అడుగుముఖము నున్నగా వచ్చును, కాని పైముఖపు పీచును లేపివేయును. డౌన్‌కట్టు అనునది దానికి తిరుగుడు: పీచును క్రిందికి అదుముచు కోయును, పైముఖము కత్తితో గీచినట్లుండును, అడుగుముఖము చెడును, పొట్టు గాడిలోనే కూరుకొనిపోయి వేడెక్కును. చాప అంచును పైకి లాగినచో ఈనెలు లేచును, అరచేతితో అదిమినచో పడియుండును; ఇదియు అంతే. మూడవది కంప్రెషను బిట్టు. కొనవద్ద కొంతమేర మెలిక పైకి, ఆపైన క్రిందికి. రెండు ముఖములనుండియు పీచును లోపలికే నొక్కును. కనుక బిట్టు కొనుటకు పోవుటకు మునుపే, కోసిన వస్తువు ఏ ముఖము లోకమునకు కనబడునో తేల్చుకొనవలయును. మా అక్షరములు పలకకు అంటించునవి. వెనుకభాగము ఎవరును చూడరు. కావున 6 మిల్లీమీటర్ల విడియా డౌన్‌కట్టు తీసికొంటిమి.

తీసికొని, గుమాస్తా చేయరాని తప్పు చేసితిమి. రూటరు పట్టు కాలంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్లు. తెచ్చిన బిట్టు కాడ సరిగా 6. బిగించిన బిగిసినట్లే యున్నది. "తె" సగములో బిట్టు జారి క్రిందికి దిగి, పలకను దాటి అడుగునున్న బల్లను కోసినది. ముప్పదియేండ్లు ఆ రెండు కొలతలను వేర్వేరు పుటలలో వ్రాసి, కలిపి ఇచ్చినవారిని మందలించినవారము మేము! ఎంత చిన్న తేడా ఐనను బిట్టు కాడ, కొలెట్టు అనెడి ఆ పట్టు, ఒకే కొలతవి కావలయును. కాడను అడుగుదాక దోపి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనుకకు లాగి బిగించవలయును. ఆనాడు వ్రేళ్ళు దక్కినవి. బిట్టు మార్చునపుడు ప్లగ్గు తీయకుండ చేయి పెట్టరాదను మాట వేరుగ చెప్పనక్కరలేదు.

తెలుగక్షరము రూటరునకు మిక్కిలి అనుకూలమని ఈ పనిలో కనుగొంటిమి. బిట్టు గుండ్రనిది గనుక లోపలి మూలలను సూదిగా కోయలేదు. 6 మిల్లీమీటర్ల బిట్టు మూలలో 3 మిల్లీమీటర్ల వంపు విడుచును. తమిళమునకో, నాగరికో మూలమూలకును ఉలి పట్టవలయును. మన లిపిలో తలకట్టు అక్షరమునకు తగులుచోట, కొమ్ము మొదట తప్ప మూలలే అరుదు. తాటాకుపై గంటము తిన్నగా గీచినచో ఈనె వెంట ఆకు చీలునని, అందుకే మన అక్షరములు గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు. చరిత్రకారులు ఏమందురోగాని, చెక్క ముందు కూర్చున్నవానికి ఆ మాట నమ్మబుద్ధియగును.

చేతితో రూటరును అక్షరపు గీతపై నడపుట మావంటివారి వలన కాదు. బటరు కాగితపు గీతలను 6 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. అట్టపై అంటించి, చిన్న రంపముతో కోసి, ఆకురాయితో నునుపు చేసి అచ్చులు చేసితిమి. రూటరు పీటకు గైడుబుష్షు అను లోహపు ఉంగరము బిగింతురు; బిట్టు దాని నడుమనుండి దిగును. ఉంగరము అచ్చు అంచును రాచుకొనుచు పోవును, బిట్టు దాని ప్రకారము కోయును. మా ఉంగరము వెలుపలి కొలత 10, బిట్టు 6. తేడాలో సగము 2. కావున అచ్చు అక్షరముకంటె చుట్టును 2 మిల్లీమీటర్లు చిన్నదిగ నుండవలయును. లెక్క మాకు తెలిసిన విద్యయే. ఏడు అక్షరములకు సరిగా కుదిరినది. సున్న దగ్గర తప్పినది.

సున్నకు వెలుపలి అంచు ఒకటి, కన్ను ఒకటి. వెలుపల 2 తగ్గించితిమి. అలవాటున కన్నునకును 2 తగ్గించితిమి. అక్కడ పెంచవలయును! కోసి చూడగా కన్ను చుట్టును 4 మిల్లీమీటర్లు మూసికొనిపోయి, సున్న గారెవలె వచ్చినది. మా యింటావిడ దానిని చేతిలోనికి తీసికొని, "మామగారు ఇంత లావు సున్న పెట్టలేదు" అని బల్లపై పెట్టి పోయినది. ఆమెకు ఆయన చేతివ్రాత మాకంటె బాగుగ జ్ఞాపకమున్నది. పెండ్లియైన క్రొత్తలో ఇంటి పద్దులు ఆయనకు చదివి వినిపించినది ఆమెయే.

రెండవ అచ్చు సరిగా చేసితిమి. ఇక నడపు దిక్కు. పైనుండి చూచినచో బిట్టు గడియారపు ముల్లువలె తిరుగును. ఆ తిరుగుడునకు ఎదురుగా రూటరును నడపవలయును. అనగా వెలుపలి అంచు చుట్టు అప్రదక్షిణముగను, లోపలి కన్ను చుట్టు ప్రదక్షిణముగను. అట్లు నడపినచో ఉంగరము అచ్చును అంటిపెట్టుకొని పోవును. తారుమారైనచో బిట్టు చెక్కపై చక్రమువలె దొరలి యంత్రమును చేతినుండి లాగుకొని పోవును. "బిట్టు తిరిగే పక్కకే తోసినారంటే అది మిమ్మల్నే ఈడ్చుకొనిపోతుంది సార్" అని ఆచారి మొదటి దినముననే చెప్పియుండెను. కన్ను వద్ద మేము అలవాటున అప్రదక్షిణమునకు చేయి త్రిప్పి, ఆ మాట ఎంత నిజమో తెలిసికొంటిమి. అదృష్టవశమున ఇంకను పైపైకోతలోనే యుంటిమి.

సున్నలో పోగు అన్ని దిక్కుల పాఠములను చెప్పును. మా పలక పోగు అడ్డముగ నున్నది. సున్న తలవద్దను, అడుగునను బిట్టు పోగు వెంట పోవును. అచ్చట చెడినదే లేదు. కుడి యెడమ ప్రక్కల పోగును అడ్డముగ తెంపవలయును. నడుమ నాలుగు వంపులు: అందు రెండింట బిట్టు పీచును పరుండబెట్టును, రెండింట ఎదురు దువ్వును. పిల్లి వీపును దువ్వినట్లే. ఆ రెండు వంపుల కొఱకు మూడు ఉపాయములు చేసితిమి. గీత వెంట మాస్కింగు టేపు అంటించి, దానిపైనుండియే పదునుగల కత్తితో పైపొరను ముందుగ గాటు పెట్టితిమి. పీచు లేచినను ఆ గాటువద్ద ఆగును. 12 మిల్లీమీటర్లను ఒక్కసారి కోయక, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున నాలుగు దఫాలుగ దిగితిమి. దఫాదఫాకును గాడిలోని పొట్టును ఊడ్చితిమి. అడుగున పాతపలక నొకదానిని ఆనుగ పెట్టి, రెండువైపుల అంటుకొను టేపుతో పనిపలకను దానికి అంటించితిమి. ఈ మూడవది మొదట చేయలేదు. కన్నులోని బిళ్ళ కడపటి చుట్టులో తెగి, విడివడి, బిట్టునకు తగిలి ఎగిరి సున్న లోపలి అంచును గీచిపోయినది. రెండవ సున్నయు పోయినది. విడివడు ముక్కను ముందుగనే అంటించి యుంచవలెనని తెలిసినది అప్పుడే.

వేగమునకు కొలబద్ద చెవియే. మెల్లగ నడపినచో ఒకేచోట రాచి మాడ్చును; తొందరపడినచో చెక్క చిట్లును. సరియైన నడకలో యంత్రము ఒకే శ్రుతిలో మ్రోగును, పొట్టు పొడివలె గాక సన్నని రవ్వలవలె రాలును. ఈ పొడి సంగతి తేలికగా తీసికొనరాదు. కొయ్యపొడియు, జిగురులోని ఫార్మాల్డిహైడును క్యాన్సరు కారకములని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనశాఖ వర్గీకరించినది. తువాలు చుట్టుకొని పనిచేయు మా ఆచారికి మంచి ముఖతొడుగు నొకదానిని కొనియిచ్చితిమి. ఆయన దానిని మేము చూచుచున్నపుడు మాత్రము తొడిగికొనును.

మూడవ సున్న కోయుచున్నపుడు మా మనుమడు బడినుండి వచ్చి గుమ్మమువద్ద నిలిచెను. వాడు 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో చేరిన తరమువాడు; తెలుగు ఇంటిలో మాటలాడును, బడిలో చదువడు. మేము నేర్పిన అక్షరములే వానికి వచ్చును, అవియు సెలవులలో. యంత్రము ఆపి, పలక ఊడదీసి సున్నను చేతికిచ్చితిమి.

"తాతా, ఇది జీరోనా?"

"కాదప్పా, సున్న."

"రెండూ ఒకటే గదా?"

"లెక్కలో ఒకటే. ఇక్కడ 'గ్ర' పక్కన పెడితే 'గ్రం' అవుతుంది. మూతి ముయ్యి, ముక్కుతో అను చూద్దాం."

అనెను. కొంతసేపు తలచి, అత్తిబెలె బస్సుల పలకలపై ఇట్టిది చూచితిననెను. నిజమే, కన్నడమునకును అదే సున్న, తమిళమునకు లేదు. వాడు కన్నునుండి తెగిన మూడు బిళ్ళలను ఏరుకొని పోయెను. ఆనాటినుండి ఒక నెలలో ఆ ఎనిమిది అక్షరములను అచ్చులనుబట్టి వాడు చదువ నేర్చెను. "థా"లోని చుక్కను ఎందుకు విడువరాదో మమ్మడుగకయే గ్రహించెను. ఫలకముపై లేని అక్షరముల సంగతి వేరు. అవి ఇంకను మిగిలియున్నవి.

అక్షరములు ముగిసినవి గదా యని సంఘమువారు పుస్తకములకు రెండు బల్లలు కూడ చేయుడనిరి. బల్లలకు రెండు ముఖములును కనబడును, డౌన్‌కట్టు పనికిరాదు. ఆచారి వద్దనున్న పెద్ద రూటరును ఎరువు తెచ్చి, 12 మిల్లీమీటర్ల కంప్రెషను బిట్టును కొంటిమి. వెల చెప్పుటకు ఇష్టము లేదు. అంత వెల పెట్టినదానిని మిక్కిలి జాగ్రత్తతో, అలవాటైన మూడు మిల్లీమీటర్ల లోతుతో మొదలుపెట్టితిమి. పైముఖము కుక్క కొఱికినట్లు లేచినది! బిట్టు నకిలీదని అంగడివానిపై కోపము వచ్చినది. సాయంకాలము భూతద్దము పెట్టి చూచితిమి. కొనవద్ద పైకి లాగు మెలిక సరిగా 7 మిల్లీమీటర్లు. మేము 3 మిల్లీమీటర్లే దిగితిమి. అనగా క్రిందికి అదుము భాగము చెక్కను తాకనేలేదు, పైకి లాగు భాగమే పైముఖముపై పనిచేసినది. మా జాగ్రత్తయే దోషము. మఱునాడు మొదటి దఫాలోనే 9 మిల్లీమీటర్లు దిగి, రెండవ దఫాలో 18 ముగించితిమి. రెండు ముఖములును ఒకేతీరుగ వచ్చినవి. ఇంత లోతు మా చిన్న రూటరు చేయలేదు; కనుక చిన్నయంత్రము గలవారు ఈ బిట్టును కొని సొమ్ము పోగొట్టుకొనవలదు. ముఖమునకు రెండువైపుల ఆను పలకలు పెట్టి తిన్నని బిట్టుతోనైనను పని సాగును.

బల్లల విషయమున ఇంకొకటి. నాలుగు అంచులను కోయునపుడు పోగునకు అడ్డముగ నుండు చిన్న అంచులను మొదట కోయవలయును. కొస చిట్లినను, తరువాత పొడవు అంచులను కోయునపుడు ఆ చిట్లిన భాగము పోవును. నిలువు పలకలలో బల్లను దోపుటకు గాడి తీయునపుడు పలకను కొలిచి చూడుడు. 18 అని అమ్మినది మాకు 17½కు తక్కువ తేలినది. 18 బిట్టుతో గాడి తీసినచో బల్ల వదులుగ ఊగును. చిన్న బిట్టుతో రెండు దఫాలుగ గాడిని పలకకు సరిపడునంత వెడల్పు చేయుట మేలు.

యుగాదికి ముందు రోజు ఆచారియు, మేమును నిచ్చెన వేసికొని ఫలకమును ఎక్కించితిమి. అక్షరములను జిగురుతో అంటించి, వెనుకనుండి చిన్న స్క్రూలు బిగించితిమి. ముందువైపు ఏమియు కనబడదు. "ము" కొమ్ము కొన కొంచెము పెచ్చులూడినది. రంపపుపొట్టును జిగురుతో కలిపి పూడ్చి, రంగు వేసితిమి. నిచ్చెన ఎక్కి చూచినవారికి తెలియును. పడమటి ఎండ తగులుటచేత "తెలుగు" వైపు వార్నీషు ఇప్పుడే కొంచెము వెలసినట్లున్నది. వానలకు ముందు మఱియొక పూత వేయవలసియున్నది.